పదకొండు నిమిషాలు ఎందుకు ఆపానంటే

నిన్న శుక్రవారం మా ఆఫీసు వాళ్ళు నా చేతిలో ఓ కాగితం పెట్టారు. "బొగ్గు దింపుతున్న సమయంలో తగిన కారణం లేకుండా పదకొండు నిమిషాలు పని ఆపించినందుకు మూడు రోజుల్లో వివరణ ఇవ్వగలరు" అని ఉంది. వివరణ రాసుకోవడానికి కింద నాలుగు గీతలు గీశారు. "క్షమించండి అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టీండి నాయుడు గారూ, ఫైలు మూసెత్తారు" అని గుమస్తా చెవిలో చెప్పాడు. రాయకపోతే ఏటవుతుందని అడిగాను. "అది నాను సెప్పలేను" అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళ వయసు, గుండెలో ఓ స్టెంటు. ఉన్న ఉద్యోగం ఊడితే నన్ను ఇంకెవడు రమ్మంటాడు?

సోమవారం పొద్దున్నకి ఏదో ఒకటి రాయాలి. నాలుగు గీతల్లో పట్టే సంగతి కాదని మా పాప హారిక నోటుపుస్తకం ఇచ్చింది. డిగ్రీ చదువుతోంది కదా, పక్కన కూర్చుని నేను "నాను" అని రాసిన చోటల్లా "నేను" అని దిద్దుతోంది. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను. మొదట్నించీ చెప్పుకొస్తే నాకే ఒక దారి కనిపిస్తుందేమోనని ఆశ. నాలాగ ఇంకొకరి మాట కోసం సీట్లో బిగుసుకుని కూర్చునేవాళ్ళెవరైనా చదివితే, నేను చేసిన తప్పు వాళ్ళు చెయ్యకుండా ఉంటే మరీ మంచిది.

ఏప్రిల్ దాకా

నా పేరు అప్పలనాయుడు. చీపురుపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం మాది. కంచరపాలెంలో రైలుపట్టాల పక్క వీధిలో ఉంటాం. పందొమ్మిదేళ్ళు హార్బర్లో ఓడలు ఆగే ఓ బెర్తు మీద క్రేన్ నడిపాను. కింద నుంచి చూసేవాళ్ళకి క్రేన్ క్యాబిన్ దర్జాగా కనిపిస్తుంది. ఏసీ, చుట్టూ అద్దాలు, ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ. మా బావమరిదొకసారి చూసి, "నీకేటి బావా, మారాజులా కూకుని రెండు కర్రలు అటూ ఇటూ తిప్పడవే కదా" అన్నాడు. నిజమే. ఆ కర్రలు ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు ఆపాలో మాత్రం నా చేతిలో లేదు.

ఓడ పొట్టలో, హేచ్ అనే గదుల్లో, బొగ్గుంటుంది. గ్రాబు అంటే పెద్ద ఇనప దోసిలి. దాన్ని లోపలికి దింపి, బొగ్గు పట్టి, తీసుకొచ్చి ఒడ్డున పొయ్యాలి. ఓడ లోపల ఏముందో పైనున్న నాకు కనబడదు. ఓడ అంచు మీద సిగ్నల్‌మేన్ నిలబడి చేతులతో చెప్తాడు, నేను ఆ చేతుల్ని చూసి దింపుతాను. నా సిగ్నల్‌మేన్ నూకరాజు. యారాడ వాడు, వాళ్ళన్నలు ఇప్పటికీ చేపల వేటకెళ్తారు. పన్నెండేళ్ళుగా మాది జంట. వాడు నన్ను బావా అంటాడు. నా పెళ్ళాం సత్యవతి మా మావయ్య కూతురు, అదీ బావా అంటుంది. ఇద్దరూ తిట్టడం మొదలెడితే ఎవరు తిడుతున్నారో గొంతు విని తెలుసుకోవాల్సిందే.

ఇదివరకు వాడు కింద నుంచి నోటి దగ్గర బొటనవేలు పెట్టి చూపిస్తే టీ అన్నమాట. గ్రాబు దించేసి ఐదు నిమిషాలు ఆగేవాళ్ళం. సాయంత్రానికి పని మేమే సర్దుకునేవాళ్ళం, ఎవడూ అడిగేవాడు కాదు. తర్వాత క్యాబిన్‌లో ఓ స్క్రీన్ పెట్టారు. చేతులు వేగంగా ఆడితే పచ్చగా ఉంటుంది, కాస్త నెమ్మదిస్తే పసుపు, ఆగితే ఎరుపు. ఆ ఎరుపు కంట్రోల్ రూములో కూడా కనబడుతుంది. వెంటనే వాకీటాకీలో గొంతు వస్తుంది: "క్రేన్ టూ, ఏమైంది?"

కిందికి దిగాలంటే అడగాలి. "దిగొచ్చా సార్?" "ఉండండి, రిలీవర్ లేడు." మా బదులు సీట్లో కూర్చునే రిలీవరు మూడు క్రేన్లకి ఒక్కడే, సింహాచలం. ఆ మాటలు బెర్తు మీద వాకీ ఉన్న ప్రతివాడికీ వినబడతాయి. రెండోసారి అడిగితే ఎవడో ఒకడు "ఏటి నాయుడూ, సుగరా?" అని నవ్వుతాడు. నవ్వుల పాలవడం ఇష్టంలేక నేను నీళ్ళు తాగడం మానేశాను. తాగితేనే కదా దిగాలి! సత్యవతి రోజూ లీటరు బాటిల్ నింపి సంచిలో పెట్టేది. సాయంత్రం అది నిండుగా తిరిగొచ్చేది. గొణుక్కుంటూ ఆ నీళ్ళు తీసుకెళ్ళి గుమ్మం పక్క కరివేపాకు మొక్కకి పోసేది. మా వీధిలో అంత ఏపైన కరివేపాకు ఇంకెక్కడా లేదు.

ఇంకో సంగతి అప్పట్లో సత్యవతికి కూడా తెలియదు. బీపీకి డాక్టరు రాసిచ్చిన బిళ్ళ వేసుకుంటే గంటకోసారి ఒంటేలుకి వస్తుంది. అందుకని డ్యూటీ ఉన్న రోజుల్లో దాన్ని వేసుకునేవాణ్ణి కాదు. వారానికి ఒక్కరోజు, సెలవు రోజున, పద్ధతిగా ఆమె కళ్ళముందే వేసుకునేవాణ్ణి. మిగిలినవి నా లాకర్లో పాత బూట్లలో దాచాను. క్రేన్లు నడిపేవాళ్ళలో ఈ తెలివితేటలు నా ఒక్కడివే కావని తర్వాత తెలిసింది.

మే నెల, ఓ మంగళవారం

మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఎండ అద్దాల్లోంచి దిగబడుతోంది. ఎడమ దవడ లాగడం మొదలెట్టింది. పంటినొప్పి అనుకున్నాను. కాసేపటికి ఆ నొప్పి భుజంలోకి దిగింది. ఏసీ చల్లగానే ఉంది, నా చొక్కా మాత్రం తడిసి వీపుకి అంటుకుంది. ఛాతీలో గుడ్డ పిండుతున్నట్టు ఒకటే మెలి. పొద్దున్న తిన్న గారెల గ్యాస్ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వాకీ నొక్కాను. "కంట్రోల్, దిగొచ్చా సార్?"

"రిలీవర్ క్రేన్ వన్ మీద ఉన్నాడు నాయుడు గారూ. ఈ హేచ్ అయిపోనివ్వండి."

"సరే సార్" అన్నాను.

ఇదీ నేను చేసిన తప్పు. నొప్పి అని చెప్పలేదు. రోజూ ఒంటేలుకి ఎలా అడుగుతానో, ప్రాణం మీదికొచ్చినప్పుడూ అలాగే అడిగాను. కంట్రోల్‌లో కూర్చున్న ఆయనకి రెండూ ఒకేలా వినబడ్డాయి. ఆయన్నేం తప్పు పట్టను? అడిగీ అడిగీ నాకు ఆ ఒక్క మాటే నోటికి అలవాటైపోయింది. స్క్రీన్ పచ్చగానే ఉంది. ఇంకో తొమ్మిది గ్రాబులు లాగాను. తొమ్మిదీ నాకు గుర్తున్నాయి.

పదోది ఓడ మీదుగా వస్తుంటే కింద నూకరాజు చేతులు ఆగిపోయాయి. నా వైపు తలెత్తి చూశాడు. తర్వాత రెండు చేతులూ బారచాపి, అటూ ఇటూ ఊపాడు. మా పనిలో దానికి ఒకటే అర్థం, ఉన్నపళంగా ఆపెయ్యమని. మిగతా సిగ్నళ్ళు సిగ్నల్‌మేనే ఇవ్వాలి. ఇది మాత్రం బెర్తు మీద ఎవడైనా ఇవ్వొచ్చు, చూసిన ఆపరేటరు మారుమాట్లాడకుండా ఆపాల్సిందే. ఆపాను. చేతులు కర్రల మీంచి జారి ఒళ్ళో పడ్డాయి. మళ్ళీ ఎత్తలేకపోయాను.

స్క్రీన్ ఎర్రబడింది. వాకీలో "క్రేన్ టూ, ఏమైంది? క్రేన్ టూ?" అంటున్నారు. నూకరాజు ఆ నిచ్చెన ఎలా ఎక్కొచ్చాడో! వగరుస్తూ తలుపు లాగాడు.

"ఏటైనాది బావా? నీ గ్రాబు ఊగతంది. పన్నెండేళ్ళలో నీ గ్రాబు ఊగడం నాను సూడనేదు."

"గ్యాసురా. గ్రాబు గాల్లో ఉంది. అది దించకుండా నాను దిగను."

"నీ గ్రాబు సముద్రంలో కలవా! ముందు నువ్వు దిగు!"

నవ్వకండి. చచ్చేలా ఉండి కూడా నేను వాడితో గ్రాబు గురించి పోట్లాడాను. లోడు గాల్లో ఉండగా సీటు వదలకూడదని పందొమ్మిదేళ్ళ కింద నేర్పారు, అది ఒంట్లో ఇంకిపోయింది. చివరికి వాడే నా చేతి మీద చెయ్యేసి, నా వేళ్ళతోనే ఆ కర్ర నొక్కించి గ్రాబు ఒడ్డు మీదికి దించాడు. "అయిపోనాదా? ఇంక నోరు ముయ్యి" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

నిచ్చెన దిగే ఓపిక నాకు లేదు. పక్క క్రేన్ మీదున్న సింహాచలం మనుషుల్ని ఎత్తే ఇనప బుట్ట కొక్కేనికి తగిలించి మా క్యాబిన్ దాకా తెచ్చాడు. నన్నందులో కూర్చోబెట్టి నూకరాజు పక్కన చతికిలబడ్డాడు. ఒక చేత్తో నన్ను పొదివి పట్టుకుని, రెండో చేత్తో సింహాచలానికి సిగ్నల్ ఇస్తున్నాడు. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా. ఇన్నేళ్ళూ లోడు ఎత్తినవాణ్ణి, ఆరోజు నేనే లోడయ్యాను. సింహాచలం నన్ను నేల మీద ఎంత మెత్తగా దించాడంటే, బుట్ట ఆనిన సంగతే నాకు తెలియలేదు.

ఆసుపత్రిలో ఐదు రోజులు

లోపల నాకేం చేశారో చెప్పడానికి నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. చల్లటి గది, మణికట్టు దగ్గర ఒక పోటు, ముసుగులో ఒక ఆడగొంతు "అయిపోయింది నాయుడు గారూ, ఊపిరి తీసుకోండి" అనడం. అంతే.

బయట వరండాలో సత్యవతి గడిపిన మూడు గంటలు నా నొప్పికంటే పెద్దవి. ఆమె నాకా సంగతి చాలా రోజుల తర్వాత చెప్పింది. ఆమె రాగానే నా సంచి ఆమె చేతికిచ్చి నూకరాజు మందులకి పరిగెత్తాడు. ఆమె సంచి తెరిచింది. బాటిల్ నిండుగా ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. పక్క కుర్చీలో ఒక ముసలావిడ, ఆమె మనిషి కూడా లోపలే ఉన్నాడు. చాలాసేపు చూసి చూసి, "ఒళ్ళో నీళ్ళెట్టుకుని నోరెండబెట్టుకుంతావేటమ్మా? తాగు" అని, తనే మూత తీసి బాటిల్ సత్యవతి నోటికి అందించిందట. సత్యవతి తాగి, ఆవిడకిచ్చిందట. ఇద్దరూ కలిసి ఆ లీటరూ ఖాళీ చేశారు. ఆవిడ పేరు కూడా సత్యవతి అడగలేదు. ఇప్పటికీ తల్చుకుంటుంది, ఆవిడ మనిషి బతికాడో లేదో అని.

రెండో రోజు నన్ను చూడ్డానికి లోపలికి పంపారు. ఏడుస్తుందనుకున్నాను. మంచం పక్కన నిలబడి నా కాళ్ళ మీది దుప్పటి సర్దింది.

"డాక్టరమ్మ అడిగింది, బీపీ బిళ్ళలు రోజూ ఏసుకుంతాడా అని. అవునన్నాను. నిజవేనా బావా?"

అబద్ధమాడే ఓపిక లేదు. బూట్ల సంగతి చెప్పాను.

"నాను రోజూ కేరేజీ కడతాను, నీళ్ళు నింపుతాను, బిళ్ళలు కొంతాను. నీ ఒంట్లోకి ఏది ఎల్తాదో ఏది ఎల్లదో నానెవుల్నడగాలి బావా? ఆ కంట్రోలోణ్ణా?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. అప్పుడేడ్చాను నేను. నర్సమ్మ వచ్చి ఇద్దర్నీ కేకలేసింది.

మూడో రోజు సాయంత్రం ఒకాయన బత్తాయిల సంచి పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, నలిగిన చొక్కా. నేను గుర్తుపట్టలేదు. "నాయుడు గారూ" అన్నాడు. ఆ గొంతు వినగానే లేచి కూర్చోబోయాను. కంట్రోల్ సారు! ఇన్నాళ్ళూ ఆ గొంతుకి మొహం ఉంటుందని నాకు తట్టలేదు.

"మీరు నొప్పని చెప్పుంటే..." అన్నాడు.

"తెల్దు సార్. సెప్పడం రానేదు."

ఆయన బత్తాయి ఒలవడం మొదలెట్టాడు, ఒలిచి ఇవ్వడం మర్చిపోయి చేతిలోనే పట్టుకున్నాడు. "మిమ్మల్ని దిగమనడానికి నాకూ పవర్ లేదు. ఎరుపు అయిదు నిమిషాలుంటే నాకు పైనుంచి ఫోనొస్తుంది. పదిదాటితే కాగితం దానంతటదే ప్రింటవుతుంది. నాకూ బీపీ ఉంది నాయుడు గారూ. పెందుర్తిలో మా ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు." నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. "బిళ్ళలు రోజూ ఏసుకోండి సార్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం, ఛాతీ నొప్పెట్టింది.

ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ కూర్చుని మాట్లాడింది. బీడీలు, ఉప్పు అన్నీ అడిగాక, "మీ పనిలో మీరెప్పుడు ఆగాలో మీరు చెప్పగలరా?" అంది. లేదన్నాను. "బరువు పని ఒక్కటే గుండెని పాడుచెయ్యదు. పని తరిమేస్తూ ఉండి, అందులో మీ మాట ఏదీ చెల్లకపోతే, ఆ నలుగుడు గుండె మీద పడుతుంది. మీకొచ్చినదంతా దానివల్లే అని నేననను. బిళ్ళలు మానేశారు, అది మీ తప్పు. కానీ ఎందుకు మానేశారో కూడా చూడాలి కదా" అంది. నన్నెవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

జూన్, జులై

ఇంటికొచ్చాక అసలు భయం మొదలైంది. ఆసుపత్రిలో మెషీన్లు చూసుకునేవి, ఇంట్లో నన్ను నేనే చూసుకోవాలి. తేన్పొచ్చినా భయమే, చెయ్యి తిమ్మిరెక్కినా భయమే. తెల్లారగట్ల మెలకువ వస్తే సత్యవతి అరచెయ్యి నా గుండె మీద ఉండేది. నిద్రలో పెట్టిందనుకునేవాణ్ణి. మెల్లగా తియ్యబోతే, "ఉండనీ బావా, కొట్టుకోడం నెక్కెడతన్నాను" అనేది.

ఇంత ప్రేమ కూడా నాకు అరగలేదు. ఉప్పు లేదు, ఊరగాయ లేదు, పొద్దున్నే పట్టాల పక్కన నడక, బిళ్ళ వేసుకున్నావా, నోరు తెరువు, చూపించు. ఒకరోజు కంచం నెట్టేసి అరిచాను: "ఇంట్లో కూడా నాకో కంట్రోల్ రూమేటి? ఊపిరి పీల్చుకోవాలన్నా నిన్నడగాలా?" హారిక బిత్తరపోయి లేచి వెళ్ళిపోయింది. సత్యవతి కంచం తీసి కడిగి బోర్లించింది. ఆ పూట ఇంట్లో ఎవరూ తినలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్న మందుల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇదిగో. నీ ఒళ్ళు, నీ బిళ్ళలు. ఇంక నానడగను. నువ్వే ఏసుకో. ఏసుకున్నాక 'ఏసుకున్నాను' అని ఒక్క మాట సెప్పు, సాలు." ఆరోజు నుంచి ఇవాళ్టిదాకా ఒక్క బిళ్ళ మానలేదు. వంటింట్లో ఉన్నా, వీధిలో ఉన్నా "ఏసుకున్నానే" అని కేకేస్తాను. పక్కింటివాళ్ళు కూడా విని నవ్వుతారు, నవ్వనీ.

ఒక్కటే మనసులో గుచ్చుకునేది. జూన్ నెలంతా నూకరాజు మా గడప తొక్కలేదు. ఫోను చేస్తే "పనిలో ఉన్నాను బావా" అని పెట్టేసేవాడు. నన్ను మోసుకొచ్చినవాడు నన్నెందుకు వదిలేశాడో అర్థం కాలేదు. జబ్బుపడ్డవాణ్ణి చూడ్డానికి మొహమాటం కాబోలనుకున్నాను. కాస్త కోపం కూడా తెచ్చుకున్నాను.

నవంబరు

నన్ను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు, కానీ పైకి కాదు. కింద సిగ్నల్‌మేన్‌గా. మొదటిరోజు ఆకుపచ్చ జాకెట్ తొడుక్కుని ఓడ అంచున నిలబడితే, బెర్తంతా నన్నే చూస్తోందనిపించి తలెత్తలేకపోయాను. అవతలి హేచ్ దగ్గర్నుంచి నూకరాజు అరిచాడు: "ఏటి బావా, నేల మీద గాలెలా ఉంది?" పైన నా సీట్లో ఇప్పుడు సింహాచలం.

ఆరోజు సాయంత్రం సత్యవతి అలవాటుగా నా సంచిలోంచి బాటిల్ తీసి మొక్క దగ్గరికెళ్ళింది. మూత తీసి వంచింది. ఒక్క చుక్కా పడలేదు. అలాగే వంచి పట్టుకుని కాసేపు నిలబడి, "ఇంక దీనికి కుళాయి నీళ్ళే గతి" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

మొన్న గురువారం

మధ్యాహ్నం వాకీలో సింహాచలం గొంతు వచ్చింది. "దిగొచ్చా సార్?"

"ఉండండి. రిలీవర్ రావాలి."

"సరే సార్."

ఆ "సరే సార్" నాకు తెలుసు. అది నాది. ఇంకో నాలుగు గ్రాబులు వచ్చాయి. మళ్ళీ "దిగొచ్చా సార్?" మళ్ళీ "ఉండండి." ఎవడో వాకీలో నవ్వాడు కూడా. నేను తలెత్తి చూశాను. ఎండకి అద్దం మెరుస్తోంది, లోపలి మనిషి కనబడలేదు. గ్రాబు ఊగలేదు. అంతా బాగానే ఉంది. కానీ మే నెల మంగళవారం నాడు, ఆ తొమ్మిది గ్రాబులప్పుడు, కింద నుంచి చూసేవాళ్ళకి నేనూ బాగానే ఉన్నాను.

గ్రాబు ఒడ్డు మీద దిగేదాకా ఆగాను. రెండు చేతులూ బారచాపాను.

క్రేన్ ఆగిపోయింది. వాకీలో కంట్రోల్ సారు: "ఎవరు ఆపారు? ఎమర్జెన్సీ ఏంటి?"

"నాను ఆపాను సార్, నాయుడుని. సింహాచలం దిగాలి."

"అది ఎమర్జెన్సీ కాదు నాయుడు గారూ."

"మే నెల్లో కూడా కాదనే అనుకున్నాం సార్, మీరూ నానూ."

ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆయన మెల్లగా, "దిగమనండి" అన్నాడు.

సింహాచలం దిగాడు. ఏ నొప్పీ లేదు. వట్టి దాహం, ఒంటేలు. నా బాటిల్ ఎత్తి గటగటా తాగి, మొహం కడుక్కుని, "సచ్చి పుట్టేను గురూ" అని మళ్ళీ ఎక్కాడు. అంతా కలిపి పదకొండు నిమిషాలు. వాడికేదో పెద్ద జబ్బు బయటపడిందని రాస్తే ఈ కథ బాగుండును. అలాంటిదేం లేదు. కాగితం మాత్రం దానంతటదే ప్రింటయింది.

ఆదివారం

పై దాకా నిన్న రాశాను. రాసినదంతా చదివి వినిపిస్తే సత్యవతి, "అన్నీ నిజవే బావా. అయినా సరే, సమించమని రాసీ. నువ్వున్నావ్, అదే సాలు. ఉజ్జోగం కూడా ఉండనీ" అంది. దాని భయం నాకు తెలుసు. నాకూ అదే భయం.

పొద్దున్నే యారాడ వెళ్ళాను, నూకరాజుని ఒక మాట అడుగుదామని. వాడు ఇంటి ముందు వాళ్ళన్న వల బాగుచేస్తుంటే పక్కన కూర్చుని ఉన్నాడు. నా కాగితం చేతికిచ్చాను. చదవకుండానే నవ్వాడు. "నీకూ వచ్చీసిందా?" అన్నాడు.

"నీకూ అంటే?"

వాడు మాట మార్చబోయాడు. వాడి పెళ్ళాం ఊరుకోలేదు. లోపలికెళ్ళి ట్రంకు పెట్టెలోంచి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అచ్చం నా కాగితం లాంటిదే. అవే మాటలు, అవే నాలుగు గీతలు. మే నెలది. నన్ను బుట్టలో దింపిన రోజున పని ఆపినందుకు వాడికిచ్చిన కాగితం. వాడి వంకర అక్షరాలతో ఒక్క గీత మీదే రాసి ఉంది:

"బావ గ్రాబు ఊగింది. ఆపేను."

కింద సంతకం. క్షమించమన్న మాట లేదు.

"ఆ మాట నేదని జూన్ నెల మొత్తం వేరే బెర్తుకి ఏసీసేరు అన్నా. పొద్దున్నెల్తే సీకటడ్డాకే రావడం. నీకు సెప్తే నీ గుండి మళ్ళీ ఆగిపోద్దని నన్ను నోరెత్తనివ్వనేదు" అంది వాడి పెళ్ళాం.

ఆ నెలంతా నేను వాడి మీద అలిగి కూర్చున్నాను. వాడి భుజం పట్టుకున్నాను. "ఏడవకు బావా, డాక్టరమ్మ తిడతాది" అన్నాడు. నేను ఏడ్చాను. వాడూ ఏడ్చాడు. వాళ్ళన్న వల కట్టుకుంటూ మా ఇద్దర్నీ చూసి, వీళ్ళకేటైనాదిరా అన్నట్టు తల ఊపాడు.

ఇంటికొచ్చి సత్యవతికి చెప్పాను. పొయ్యి మీదున్నది దించేసి వచ్చి కూర్చుంది. "ఆడు సమించమని ఎందుకు రాయనేదు?" అంది. తనే జవాబు చెప్పుకుంది. "రాత్తే నిన్నాపడం తప్పని ఒప్పుకున్నట్టే కదా." కాగితం నా ముందుకు జరిపి, హారిక పెన్ను అడిగి తీసుకుని నా చేతికిచ్చింది.

ఒక్క గీత మీదే రాశాను:

"మనిషికి దాహం వేసింది. ఆపాను."

సంతకం పెట్టాను. రేపు ఏమవుతుందో నాకు తెలియదు. సత్యవతి కాగితం మడిచి, రేపటి సంచిలో పెట్టింది. తర్వాత బాటిల్ కడిగి, నోటి దాకా నీళ్ళు నింపి, మూత బిగించి ఆ కాగితం పక్కనే పెట్టింది.

"కాయితం తడిసిపోద్దేమోనే" అన్నాను.

"నువ్వు తాగీ బావా. తడవదు" అంది.